ఎనిమిది బంతుల్లో ఫాస్ట్ బౌలర్ తేలతాడా?

జిల్లా అండర్-16 సెలక్షన్స్‌కు వచ్చిన ఫాస్ట్ బౌలర్‌కు నెట్స్‌లో దక్కేది మహా అయితే రెండు ఓవర్లు. గుంటూరు కుర్రాడైతే ఇంట్లో ఇడ్లీ తిని, నింపాదిగా వచ్చి ఆ రెండు ఓవర్లు వేస్తాడు. మాచర్ల కుర్రాడు అదే రెండు ఓవర్ల కోసం చీకటితో లేచి, వంద కిలోమీటర్లకు పైబడిన దూరం బస్సులో కుదుపులు తిని, ఎండెక్కాక వరుసలో నిలబడతాడు. ఇద్దరికీ మొదటి నాలుగు బంతులు ఒళ్లు వేడెక్కడానికే చెల్లు. మిగిలిన ఎనిమిదింటిలో ఒకదానికి వికెట్ ఎగిరితే పేరు పక్కన టిక్కు పడుతుంది, లేదంటే వచ్చే ఏడాది చూద్దాం అంటారు. ఇందులో అన్యాయం ఉందని అందరూ ఒప్పుకుంటారు, ఆ మాట చెప్పడానికి వ్యాసం అక్కర్లేదు. అసలు తేల్చుకోవాల్సింది వేరు: అన్యాయమేమీ లేకుండా, సెలక్టర్లు నిక్కచ్చిగా, కళ్లు పెద్దవి చేసుకుని చూసినా, ఆ ఎనిమిది బంతులు ఏం చెప్పగలవు? కుర్రాడు ఇవాళ ఎలా ఉన్నాడో కొంత చెబుతాయి. ఇరవై రెండేళ్లకు ఎలా ఉంటాడో దాదాపు ఏమీ చెప్పవు. ఎంపిక చేసేది మాత్రం ఆ రెండోదాని కోసమే. పల్నాడులో బంతి వేసే చేతులకు కొదవ లేదు, కొదవ ఉన్నది ఒకే కుర్రాడిని మూడు నాలుగు సీజన్లు విడవకుండా చూసే మనిషికీ, అతను రాసిపెట్టే పుస్తకానికీ అన్నది నా వాదన. దానికి ఆధారాలు మన దగ్గరా ఉన్నాయి, మనకు పరాయిదైన ఇంకో ఆటలోనూ ఉన్నాయి.

ఆ పరాయి ఆట బేస్‌బాల్. మన స్కూల్ గేమ్స్ పట్టికలో దానికి పేరైతే ఉంది కానీ ఊళ్లలో ఆడేవాళ్లు తక్కువ. అయినా కుర్ర బౌలర్‌ను అంచనా వేయడమనే పనిలో దానికున్నంత అనుభవం క్రికెట్‌కు లేదు. అక్కడ బంతి విసిరేవాడిని పిచర్ అంటారు. 18.44 మీటర్ల దూరం నుంచి, మోచెయ్యి ఎంతైనా వంచి, 142 నుంచి 149 గ్రాముల బంతిని విసురుతాడు. మన బౌలర్ 20.12 మీటర్ల పిచ్ మీద, మోచెయ్యి సాగడం 15 డిగ్రీలు దాటకుండా, 156 నుంచి 163 గ్రాముల బంతిని వేస్తాడు. తేడాలు చిన్నవేం కావు. కానీ పదిహేనేళ్ల ఒంటిని చూసి పాతికేళ్ల ఆటను ఊహించడం రెండు చోట్లా ఒకటే పని. 1970ల నడుమ మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం కోచ్ డానీ లిట్‌వైలర్ పోలీసులు వాడే రాడార్‌ను మైదానానికి తెచ్చాడు. అప్పటినుంచి స్పీడ్ గన్ లేని స్కౌట్, అంటే క్లబ్బుల తరఫున కుర్రాళ్లను వెతికే మనిషి, లేడు. అయితే ఆ గన్ చూపించిన అంకెను వాళ్లు ఎలా రాసుకుంటారో గమనించాలి. స్కౌట్ నివేదికలో ప్రతి గుణానికీ 20 నుంచి 80 వరకు మార్కులుంటాయి, 50 అంటే మేజర్ లీగ్‌లో సగటు. ఆ మార్కులు రెండేసి వేస్తారు: ఒకటి ఇవాళ్టిది, రెండోది ఇతను ఎంతవరకు ఎదగగలడన్న అంచనా. వేగానికి ఇవాళ 55, రేపు 65 అనో, నియంత్రణకు ఇవాళ 30, రేపు 45 అనో రాస్తారు. రెండో అంకె తప్పవచ్చు, తరచూ తప్పుతుంది కూడా. కానీ అది రాశాడు గనుక ఐదేళ్ల తర్వాత ఏ స్కౌట్ ఎంత తప్పాడో లెక్క తీయొచ్చు. మన టిక్కుకు ఆ సౌకర్యం లేదు. తీసుకోని కుర్రాడు ఏమయ్యాడో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు కాబట్టి, టిక్కు పెట్టినవాడు తప్పాడో లేదో ఎన్నటికీ తేలదు.

ఇంత యంత్రాంగం పెట్టుకున్న అమెరికాలోనే, భావి పిచర్ అనే జీవి అసలు లేనే లేడు అనేది బేస్‌బాల్ విశ్లేషకుల్లో పాతబడిపోయిన సామెత. ఎంత మెరిసే కుర్రాడైనా మైనర్ లీగుల మెట్లు ఎక్కుతూ ఎక్కడో ఒకచోట మోచెయ్యో భుజమో పట్టుకుని ఆగిపోతాడని దాని భావం. అందుకే అక్కడి క్లబ్బులు ఒక్కరి మీద పందెం కాయవు. పదిమందిని తీసుకుని, మెట్టుమెట్టునా చూస్తూ, మెట్టుమెట్టునా తిరిగి మార్కులేస్తూ పోతాయి. 2021 నుంచి మైనర్ లీగుల్లో మేజర్ క్లబ్బులకు అనుబంధంగా ఉన్న జట్లు 120. అంటే ఒక్కో పెద్ద క్లబ్బుకు నాలుగు మెట్లు. మొదటి ఎంపిక కన్నా ఈ తిరిగి చూడటానికే వాళ్ల సొమ్ములో, శ్రమలో పెద్ద వాటా పోతుంది. మనం వాళ్ల సొమ్మును చూసి నోరెళ్లబెడతాం గానీ, చూడవలసింది ఆ వాటాను.

ఒక్క అంకెతో బౌలర్‌ను ఎంచితే ఏమవుతుందన్నదానికి భారతదేశంలోనే పెద్ద ప్రయోగం జరిగింది. 2008లో జె.బి. బెర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఏజెంటు 'మిలియన్ డాలర్ ఆర్మ్' పేరుతో దేశమంతా తిరిగి, స్పీడ్ గన్ పెట్టి, బేస్‌బాల్‌ను గట్టిగా, సూటిగా విసరగలవాళ్ల కోసం పోటీ పెట్టాడు. వేలల్లో కుర్రాళ్లు వచ్చారు. చివరికి మిగిలింది ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్. ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లు, అంతకుముందు బేస్‌బాల్ ముట్టినవాళ్లు కారు. అమెరికాలో కోచ్ టామ్ హౌస్ దగ్గర కొద్ది నెలల శిక్షణ తర్వాత ఆ ఏడాది నవంబరులోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. 2009లో ఇద్దరూ మైనర్ లీగులో అట్టడుగు మెట్టు మీద ఆడారు. దినేశ్‌ను 2010లో వదిలేశారు. రింకూ ఒకటి రెండు మెట్లు ఎక్కాడు, తర్వాత గాయాలతో ఏళ్లకు ఏళ్లు పోయాయి, 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలోకి మారిపోయాడు. మేజర్ లీగ్‌లో ఇద్దరూ ఒక్క బంతీ వేయలేదు. 2014లో వాళ్ల మీద హాలీవుడ్ సినిమా వచ్చింది, ఒప్పందం దొరికేదాకా కథ చెప్పి ఆపేసింది. తెలివైన పనే. అయితే ఈ కథను ఒకవైపు నుంచే చదవకూడదు. బంతి పట్టుకోవడమే తెలియని ఇద్దరు ఏడాది తిరక్కుండా ఒప్పందం దాకా వెళ్లారంటే నేర్పితే వచ్చేది చాలానే ఉందన్నమాట. వేగం ఒక్కటే ఉన్నవాడు ఎంతవరకు వెళ్లగలడో, ఎక్కడ ఆగుతాడో రెండూ ఆ కథలో ఉన్నాయి.

ఇక్కడ అనుభవమున్న కోచ్ ఎవరైనా అడ్డు తగులుతాడు. లైన్ నేర్పొచ్చు, లెంగ్త్ నేర్పొచ్చు, స్వింగ్ కూడా నేర్పొచ్చు, వేగం మాత్రం పుట్టుకతో రావాలి, కాబట్టి వేగాన్ని చూసి ఎంచడమే సబబు అంటాడు. ఈ మాటలో సగం నిజముంది. గంటకు 120 కిలోమీటర్లు వేసేవాడిని 145కు తీసుకెళ్లిన కోచ్ ఎవరూ లేరు. కానీ పుట్టుక అనేసి వదిలేసిన దాంట్లో ఎంత భాగం కొలవదగినదో పరిశోధకులు చూపించారు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఇరవైమంది మేటి ఫాస్ట్ బౌలర్ల యాక్షన్‌ను విడదీసి చూశారు. వాళ్ల మధ్య వేగంలో ఉన్న తేడాలో 74 శాతాన్ని నాలుగే విషయాలు వివరించాయి: రన్నప్ వేగం, బంతి వదిలే వేళకు ముందుకాలి మోకాలు ఎంత నిటారుగా ఉంది, మొండెం ఎంత ముందుకు వంగింది, బంతి వేసే చెయ్యి ఎంత ఆలస్యంగా పైకి వచ్చింది. వీటిలో ఒక్కటీ ఎనిమిది బంతులు చూసి కంటితో తేల్చగలిగింది కాదు. మూడు వందల రూపాయల స్టాండు మీద ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో తీస్తే నాలుగూ కనిపిస్తాయి.

ముందుకాలి సంగతే చూడండి. కుడిచేతి బౌలర్ క్రీజు దగ్గర ఎడమకాలు దించే క్షణంలో నేల నుంచి అతని బరువుకు అయిదారు రెట్ల దెబ్బ తిరిగొస్తుంది. మోకాలు గుంజలా నిలబడితే రన్నప్‌లో కూడగట్టిన ఊపంతా నడుము మీదుగా భుజానికి ఎక్కుతుంది, బంతి జరజరా పోతుంది. మోకాలు మెత్తగా కుంగితే ఊపు అక్కడే ఇంకిపోతుంది. పదిహేనేళ్ల కుర్రాడిలో మోకాలు కుంగడానికి రెండు కారణాలుండవచ్చు: తొడలో ఇంకా బలం రాలేదు, లేదా అలవాటే అలా పడింది. మొదటిది కాలంతో పోతుంది, రెండోది పోదు. ఎనిమిది బంతుల్లో ఈ రెండూ ఒకేలా కనబడతాయి. ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తేనే తేడా తెలుస్తుంది. వేగం తక్కువగా ఉందని పంపేసిన కుర్రాడే కాళ్లు కుదిరాక అందరికన్నా వేగంగా వేసేవాడై ఉండొచ్చు. మరి ఇవాళ జోరుగా వేస్తున్నవాడో? అతను బహుశా ఏడాది ముందే మీసం మొలిచినవాడు, అంతే.

వయసు సంగతి ఎత్తితే పల్నాడువాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. తిరునాళ్లలో, సంక్రాంతికి ఇక్కడ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల్లో రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని విడివిడిగా పెడతారు. గిత్త నోరు తెరిచి పళ్లు చూసి గాని బరిలోకి దించరు, యజమాని నోటిమాట చెల్లదు. గిత్తకు పాటించే ఈ నియమాన్ని మనుషుల ఆటలో తేవడానికి భారత క్రికెట్‌కు చాలా కాలం పట్టింది. ఇప్పుడు అండర్-16 అబ్బాయిలకు ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కగట్టే టీడబ్ల్యూ3 పరీక్ష ఉంది. 2015 డిసెంబరులో పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రవిడ్ వయసు దొంగలెక్కల మీద గట్టిగా మాట్లాడాడు. 2019లో కశ్మీర్ పేసర్ రసిక్ సలామ్‌ను తప్పుడు జనన ధ్రువపత్రం విషయంలో బోర్డు రెండేళ్లు నిషేధించింది. అయితే దొంగపత్రాన్ని ఎక్స్‌రే పట్టుకుంటుంది గానీ, నిజమైన పత్రంలో దాగిన తేడాను పట్టుకోలేదు. సెప్టెంబరు 1 కటాఫ్ అయినప్పుడు సెప్టెంబరులో పుట్టినవాడూ మరుసటి ఆగస్టులో పుట్టినవాడూ ఒకే విభాగంలో పడతారు, ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాదంటే బెత్తెడు ఎత్తు. ఆ తేడాను సరిదిద్దే పరీక్ష ఏదీ లేదు. ప్రతి మూడు నెలలకు ఎత్తు కొలిచి రాసుకుంటే, ఎవడి ఎదుగుదల అయిపోయిందో ఎవడిది ఇంకా మిగిలుందో మాత్రం తెలుస్తుంది. గోడ మీద గీత గీయడానికి పరికరం కూడా అక్కర్లేదు.

వేగాన్నే కొలిచి, వేగాన్నే మెచ్చుకుంటే కుర్రాళ్లు దానికి ఏ మూల్యం చెల్లిస్తారో అది కూడా చూడాలి. 2018 అండర్-19 ప్రపంచ కప్‌లో కమలేశ్ నాగర్‌కోటి, శివమ్ మావి వేగం చూసి దేశం మురిసిపోయింది. ఐపీఎల్ వేలంలో కోల్‌కతా ఒకరికి 3.2 కోట్లు, మరొకరికి 3 కోట్లు పెట్టింది. నాగర్‌కోటి గాయాలతో రెండు సీజన్లు పోగొట్టుకుని 2020లో గాని తొలి ఐపీఎల్ మ్యాచ్ ఆడలేకపోయాడు. 2022లో గంటకు 157 కిలోమీటర్లు వేసి 22 వికెట్లు తీసిన ఉమ్రాన్ మాలిక్‌కు 2024 సీజన్‌లో దక్కింది ఒకే ఒక్క మ్యాచ్. 2024లో 156 దాటించిన మయాంక్ యాదవ్ ఆ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లకే పక్కటెముకల దగ్గర నొప్పితో కూర్చున్నాడు. అమెరికాలో ఇదే కథ మోచేతికి నడుస్తోంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్‌కు తెగిన మోచేతి లిగమెంటును మొదటిసారి మార్చాడు. ఆ ఆపరేషన్‌కు ఆటగాడి పేరే మిగిలింది, ఇప్పుడు హైస్కూలు పిల్లలకూ చేస్తున్నారు. ప్రతి బంతినీ పూర్తి బలంతో వేయడం, వేగం వెంట పరుగెత్తడం గాయాలకు ప్రధాన కారణాలని మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో తానే ఒప్పుకుంది. వేగాన్ని కొలిచినవాళ్లే చివరికి గాయాల నివేదిక రాసుకోవాల్సి వచ్చింది మరి.

క్రికెట్‌లో దెబ్బ తగిలేది నడుముకు. వెన్ను కింది భాగపు ఎముక ఇరవై ఏళ్లు దాటేదాకా పూర్తిగా గట్టిపడదు. వెనకకాలు దించినప్పుడు నడుము ఒక దిక్కుకు, భుజాలు ఇంకో దిక్కుకు ఉండే యాక్షన్‌ను మిక్స్‌డ్ యాక్షన్ అంటారు. తడిగుడ్డ పిండినట్టు ప్రతి బంతికీ వెన్ను మెలితిరుగుతుంది. మైదానం పక్కనుంచి చూస్తే ఇది కనబడదు, బౌలర్ వెనక నిలబడి చూడాలి. దీనికి తోడు వేసే బంతుల లెక్క. ఇంగ్లండ్ బోర్డు పదిహేనేళ్ల లోపు ఫాస్ట్ బౌలర్‌ను ఒక విడతలో 6 ఓవర్లు, రోజుకు 12 ఓవర్లు దాటనివ్వని నిబంధన పెట్టింది. బేస్‌బాల్‌లో 2014లో తెచ్చిన 'పిచ్ స్మార్ట్' మార్గదర్శకాలు 15, 16 ఏళ్లవాళ్లకు రోజుకు 95 విసుర్ల హద్దు గీశాయి, ఆ తర్వాత ఎన్నిరోజులు విశ్రాంతి ఇవ్వాలో కూడా చెప్పాయి. ఇప్పుడు మనవైపు చూడండి. సంక్రాంతి సెలవుల్లో ఊరూరా టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు. బాగా వేసే కుర్రాడికి సొంత ఊరి జట్టుతో పాటు పక్క ఊరివాళ్ల పిలుపూ ఉంటుంది, పొద్దున ఒకచోట సాయంత్రం ఇంకోచోట. వేసవి క్యాంపులు మే నెలలో. వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లో రెంటచింతల పేరు ఎందుకు వస్తుందో తెలిసినవాళ్లెవరూ మే నెలను ఫాస్ట్ బౌలర్ల శిక్షణకు ఎంచుకోరు, బడులకు సెలవులు అప్పుడే కాబట్టి జరిగిపోతోంది. ఆ కుర్రాడు ఏడాదికి ఎన్ని బంతులు వేశాడో ఎవరికీ తెలియదు. జిల్లా సెలక్షన్స్ రోజున బంతి నెమ్మదిగా పడితే, అది అతని వేగమా, అలసిన నడుమా అన్నది సెలక్టర్‌కు తెలిసే మార్గం లేదు.

టెన్నిస్ బాల్ టోర్నమెంట్లను నేను తప్పుపడుతున్నానని ఎవరైనా అనుకుంటే, వెంటనే ఇద్దరి పేర్లు చెబుతారు. సేలం దగ్గరి చిన్నప్పంపట్టి నటరాజన్ ఇరవై ఏళ్లదాకా టెన్నిస్ బంతితోనే ఆడి, 2017 వేలంలో 3 కోట్లు పలికి, 2020లో భారత జట్టుకు ఆడాడు. మన హైదరాబాద్ సిరాజ్‌ది కూడా గల్లీ దారే. 2015లో 21 ఏళ్ల వయసులో రంజీల్లోకి వచ్చి, 2016-17లో 41 వికెట్లు తీసి, 2.6 కోట్లకు సన్‌రైజర్స్‌కు వెళ్లాడు. కాబట్టి ప్రతిభ ఉంటే ఎలాగైనా పైకొస్తుంది, పుస్తకాలూ గిస్తకాలూ ఎందుకు అంటారు. ఈ వాదనలో చిక్కేమిటంటే, పైకి వచ్చినవాళ్లనే లెక్కపెట్టి దారి బాగుందంటున్నాం. ఆ దారిలో రాలిపోయినవాళ్ల లెక్క ఎక్కడా లేదు. పైగా ఈ ఇద్దరి కథల్లో వెనక ఎవరో ఒకరు విడవకుండా నిలబడ్డారు. నటరాజన్‌ను సొంతూళ్లో వెన్నంటి ఉండి చెన్నై క్లబ్ క్రికెట్ దాకా నడిపించిన పెద్దన్న లాంటి మనిషి ఉన్నాడు. తొలి రంజీ సీజన్‌లో యాక్షన్ మీద అనుమానాలు వచ్చినప్పుడు దాన్ని సరిదిద్దుకునే వీలు దొరికింది. సిరాజ్ 41 వికెట్ల సీజన్‌లో హైదరాబాద్ కోచ్ భరత్ అరుణ్. ఇంకో సంగతి. మామూలు టెన్నిస్ బంతి అరవై గ్రాములకు మించదు, సీమ్ ఉండదు. దాంతో యార్కర్, చేతివేగం, చివరి ఓవర్లో తెగువ అలవడతాయి, మణికట్టు నిటారుగా పెట్టి సీమ్ మీద దించడం అలవడదు. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది విడదీసి రాసుకోగలిగితే టెన్నిస్ బాల్ టోర్నమెంటు మంచి వేటమైదానమే. లెదర్ బంతి చేతికిచ్చి మొదటి రోజే తీర్పు చెబితేనే తంటా.

ఇంకాస్త పదునైన అభ్యంతరం ఉంది. కోచ్ జాన్ రైట్ 2013లో ముస్తాక్ అలీ టీ20 మ్యాచ్‌లో గుజరాత్ కుర్రాడు బుమ్రాను చూసి ముంబయి ఇండియన్స్‌కు చెప్పాడు. పాతకాలపు బోర్డు టాలెంట్ అధికారి ప్రకాశ్ పోద్దార్ 2003లో జంషెడ్‌పూర్‌లో ధోనిని చూసి బెంగళూరులోని జాతీయ అకాడమీకి నివేదిక పంపాడు. ఒక్కసారి చూసి పట్టేసిన కళ్లు ఇవి. మరి కళ్లున్నవాడికి ఎనిమిది బంతులు చాలవా? చాలవు. జాన్ రైట్ చూసేనాటికి బుమ్రా రాష్ట్ర జట్టులో ఉన్నాడు, పోద్దార్ చూసేనాటికి ధోని నాలుగేళ్లుగా రంజీలు ఆడుతున్నాడు. వాళ్లు చూసింది నెట్స్‌లో వరుస కట్టిన పిల్లల్ని కాదు. అప్పటికే ఎందరో వడగట్టి మ్యాచ్‌లోకి పంపినవాళ్లను, అదీ మ్యాచ్ ఒత్తిడిలో చూశారు. గొప్ప కన్ను ఆ వరుస చివర పనికొస్తుంది, వరుస మొదట్లో ఎవరి కన్నైనా గుడ్డిదే. మన రాష్ట్రంలోనే నితీశ్ కుమార్ రెడ్డిని చిన్నవయసులో గుర్తించినందుకు గుంటూరువాడైన ఎమ్మెస్కే ప్రసాద్‌ను మెచ్చుకుంటాం. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ గుర్తింపు ఫలించింది కడప అకాడమీలో ఏళ్ల తరబడి నడిచిన శిక్షణలో. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో అతను 1,237 పరుగులు చేసి 26 వికెట్లు తీసేనాటికి అతని గురించి ఎవరికీ ఊహించాల్సిన పని లేకుండా పోయింది.

ఆంధ్ర క్రికెట్ సంఘం 1953 నుంచి ఉంది. మంగళగిరిలో, కడపలో అకాడమీలు నడిచాయి, 2022 నుంచి ఆంధ్ర ప్రీమియర్ లీగ్ ఉంది. పేసర్లు రావడమూ లేదనలేం: విశాఖ నుంచి యర్రా పృథ్వీరాజ్, కడప జిల్లా పల్లె నుంచి హరిశంకర్ రెడ్డి, కాకినాడ నుంచి పెన్మెత్స సత్యనారాయణ రాజు ఐపీఎల్ జట్ల దాకా వెళ్లారు. పల్నాడు 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది గానీ, క్రికెట్‌లో పాత గుంటూరు జిల్లాలో భాగంగానే నడుస్తూ వచ్చింది. గుంటూరు జిల్లా షేక్ రషీద్ 2022 అండర్-19 ప్రపంచ కప్‌లో వైస్ కెప్టెన్‌గా ఆడి సెమీఫైనల్లో 94, ఫైనల్లో 50 కొట్టాడు. కొడుకు ప్రాక్టీసు కోసం తండ్రి ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చిందని అప్పట్లో పత్రికలు రాశాయి. గుంటూరు పరిసరాల్లో ఉన్నవాళ్లకే అంత భారమైతే, గురజాల, దాచేపల్లి, మాచర్లవాళ్ల సంగతి చెప్పేదేముంది? మిర్చి, పత్తి కోతల రోజుల్లో తండ్రి కూలీల వెంట ఉంటాడా, కొడుకును మంగళగిరి తిప్పుతాడా?

అందుకని కుర్రాడిని మాటిమాటికీ గుంటూరు రప్పించే బదులు చూసే మనిషే పల్నాడులో ఉండాలి. అకాడమీ భవనం అడగడం లేదు. నరసరావుపేట, పిడుగురాళ్ల, గురజాల, మాచర్లల్లో ఒక్కొక్కరు చాలు. బడి పీఈటీ కావచ్చు, టోర్నమెంట్లలో అంపైరింగ్ చేసే పాత ఆటగాడు కావచ్చు, స్కోరర్ కావచ్చు. ఒక్కొక్కరు పదిహేనుమంది బౌలర్లకు మించి చూడకూడదు. రాయవలసినవి కొన్నే. ఎత్తు, మూడు నెలలకోసారి. వారానికి వేసిన బంతులు, ఊరి టోర్నమెంటువి కూడా కలిపి. స్పెల్ మొదటి ఓవర్, చివరి ఓవర్ వీడియో, వెనకనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. వీటన్నిటికన్నా విలువైనది ఇంకోటుంది: మొన్న చెప్పిన మార్పు ఇవాళ కనిపించిందా, పోయిందా, మూడు నెలల తర్వాత నిలిచిందా. నేర్చుకునే గుణాన్ని కొలిచే స్పీడ్ గన్ ఇంకా రాలేదు, ఈ వరుసే దానికి కొలత. చివర్లో బేస్‌బాల్ స్కౌట్‌లా రెండు అంకెలు: ఇవాళ ఇంత, రేపు ఇంత. గుంటూరు సెలక్టర్ ముందుకు కుర్రాడు ఆ పుస్తకంతో సహా వెళ్లాలి. అప్పుడు ఆ ఎనిమిది బంతులు కూడా పనికొస్తాయి, పుస్తకంలో రాసింది నిజమో కాదో సరిచూసుకోవడానికి.

ఊళ్లో మనిషి చేతికి ఈ పని ఇస్తే సిఫారసులు, బంధుత్వాలు, కులం, పార్టీ దూరవా అని అడుగుతారు. దూరతాయి. పల్నాడులో ఆ ప్రశ్న అడగకుండా ఉండటమే అమాయకత్వం. కానీ ఇప్పటి టిక్కు పద్ధతిలో సిఫారసుకు సాక్ష్యం ఉండదు. రెండేళ్ల వీడియోలున్న పుస్తకంలో అబద్ధం రాస్తే బయటపడే అవకాశమైనా ఉంటుంది. నలుగురూ ఏడాదికోసారి ఒకరి పిల్లలకు ఇంకొకరు మార్కులేస్తే ఇంకొంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని నేను చెప్పను. ఏళ్ల తరబడి చూస్తూ పోతే పిల్లల్లో ఆశ పెంచినవాళ్లం కామా, ఇంటర్ దెబ్బతినదా అన్నది ఇంకో ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. ఆశ ఇప్పుడూ ఉంది, కారణం చెప్పకుండా కాదనడం వల్ల అది ఇంకా మొండిగా మిగులుతోంది. వచ్చే ఏడాది ఇంకోసారి, ఆ పై ఏడాది ఇంకోసారి అంటూ పంతొమ్మిది దాటేదాకా తిరుగుతారు. పదిహేడేళ్లకు ఎదురుగా కూర్చోబెట్టి, నీ ఎత్తు ఆగి ఏడాదిన్నరైంది, వేగం అక్కడే ఉంది, క్లబ్ క్రికెట్ హాయిగా ఆడుకో, చదువు వదలకు అని వీడియో చూపించి చెప్పగలిగేవాడు ఆ ఇంటికి మేలు చేసినవాడే.

ఈ పని అబ్బాయిలతోనే మొదలుపెట్టాలనీ లేదు. ఆదోని నుంచి వచ్చిన ఎడమచేతి పేసర్ అంజలి శర్వాణి 2022 డిసెంబరులో భారత జట్టుకు ఆడింది, మరుసటి ఏడాది తొలి మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో 55 లక్షలు పలికింది. కడప జిల్లా శ్రీచరణి ఇతర ఆటలాడి ఆలస్యంగా క్రికెట్‌లోకి వచ్చి 2025 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ప్రధాన స్పిన్నర్లలో ఒకరైంది. పోటీకి వచ్చే అమ్మాయిలు తక్కువ కాబట్టి వచ్చిన ప్రతి ఒక్కరినీ రెండు మూడేళ్లు చూడటం సాధ్యం, వరుసలో నిలబెట్టి ఎనిమిది బంతులతో పంపేయాల్సిన ఒత్తిడి ఉండదు. సంక్రాంతి టోర్నమెంట్ల బెడదా వాళ్లకు లేదు, బంతుల లెక్క తప్పిపోదు. నరసరావుపేటలో రెండు బాలికల హైస్కూళ్ల పీఈటీలు ఒప్పుకుంటే ఈ జూన్‌లోనే మొదటి పేజీ రాయొచ్చు. అది మూడేళ్లు నడిచి నిలబడితే, అబ్బాయిల సెలక్టర్లను ఒప్పించడానికి వాదనలతో పని ఉండదు.